కెల్లీ గారి చావు, హటన్ గారి స్కోపు

డేవిడ్ కెల్లీ పేరెత్తగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "చంపేశారా, తనే చచ్చిపోయాడా?" అని. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ ఇరవయ్యేళ్లకు పైగా పుస్తకాలొచ్చాయి, వీడియోలొచ్చాయి, కోర్టు కేసులు కూడా నడిచాయి. నా మటుకు నాకు అది ఆ కథలో రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది. ఆయన పేరు బయటికి ఎలా వచ్చింది? దీనికి సమాధానం ఎవరూ దాచలేదు. విచారణ కాగితాల్లోనే ఉంది, జడ్జి గారు చదివారు కూడా. చదివి, మరీ తప్పు పట్టాల్సిందేమీ లేదన్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కథ తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. (2003లో నేను ఒకటో క్లాసు. కాబట్టి ఇదంతా తర్వాత తీరిగ్గా చదివి తెలుసుకున్నదే. హటన్ విచారణ వెబ్‌సైటుని బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు దాచి ఉంచారు, ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. ఒక వారాంతం మింగేస్తుంది, ముందే చెప్తున్నా.)

కెల్లీ బ్రిటన్ ప్రభుత్వ శాస్త్రవేత్త. పోర్టన్ డౌన్ రక్షణ పరిశోధన కేంద్రంలో మైక్రోబయాలజీ విభాగానికి అధిపతిగా చేశారు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీ బృందంలో చేరి ఇరాక్‌కి ముప్ఫైసార్లకి పైగా వెళ్లొచ్చారు. అంతకుముందు రష్యా జీవాయుధ కేంద్రాలు చూసొచ్చిన వాళ్లలోనూ ఉన్నారు. అంటే సద్దాం దగ్గర ఏముంది, ఏం లేదు అనే విషయం మీద నోరు విప్పడానికి అర్హత ఉన్న అతి కొద్దిమందిలో ఈయనొకరన్నమాట. ఇంకో సంగతి, ఈయన యుద్ధ వ్యతిరేకి ఏం కాదు. సద్దాంని దించితే తప్ప ఆ ఆయుధాల బెడద తీరదని యుద్ధానికి ముందు రాసిన వ్యాసం ఒకటి ఆయన పోయాక ఒక బ్రిటిష్ పత్రికలో వచ్చింది. ఆయన్ని శాంతిదూతగా చూపించే కథలన్నీ ఈ ముక్కని మెల్లగా దాటేస్తాయి.

2002 సెప్టెంబర్ 24న టోనీ బ్లెయిర్ ప్రభుత్వం ఇరాక్ ఆయుధాల మీద ఒక డోసియర్ విడుదల చేసింది. ఆర్డరిచ్చిన 45 నిమిషాల్లో సద్దాం సైన్యం రసాయన, జీవ ఆయుధాలు ప్రయోగించగలదు అన్న మాట అందులో నాలుగు చోట్ల ఉంది. బ్లెయిర్ ముందుమాటతో కలిపి. వెంటనే పత్రికల్లో హెడ్డింగులు: మనం 45 నిమిషాల దూరంలో ఉన్నాం, సైప్రస్‌లో ఉన్న మనవాళ్ల మీద పడొచ్చు అని. నిజానికి ఆ సమాచారం యుద్ధభూమిలో వాడే చిన్న రేంజి ఆయుధాల గురించి. సైప్రస్ దాకా వెళ్లే క్షిపణుల గురించి కాదు. ఆ తేడా డోసియర్‌లో రాయలేదు. మన భాషలో చెప్పాలంటే, డెవలపర్ తన సొంత మెషీన్లో ఒకే ఒక్క యూజర్‌తో తీసిన రెస్పాన్స్ టైముని, కింద రాసిన కండిషన్లన్నీ చెరిపేసి, క్లయింటు ప్రెజెంటేషన్లో మొదటి స్లైడు మీద పెట్టడం. అంకె అబద్ధం కాదు. కానీ చూసేవాడికి అర్థమయ్యేది అబద్ధం. రక్షణ మంత్రి జెఫ్ హూన్‌కి ఆ తేడా తెలుసు. పత్రికలు తప్పు రాశాక సరిదిద్దలేదని విచారణలో తనే ఒప్పుకున్నాడు.

లోపల వాళ్లు అభ్యంతరం చెప్పలేదా అంటే, చెప్పారు. డిఫెన్స్ ఇంటెలిజెన్స్ స్టాఫ్‌లో బ్రయన్ జోన్స్ అని ఒకాయన, రసాయన, జీవ, అణు ఆయుధాల విశ్లేషకుల మీద అధికారి. డోసియర్ అచ్చుకెళ్లే ముందే, మన దగ్గరున్న సమాచారానికి ఈ భాష ఎక్కువైంది అని పైకి రాతపూర్వకంగా పెట్టాడు. పైవాళ్లు ఇచ్చిన జవాబు ఏంటంటే, మీకు చూపించడానికి వీల్లేని వేరే సమాచారం ఉంది, దాంతో మీ సందేహాలు తీరిపోతాయి అని. (ఎంతమందికి ఈ జవాబు తెలిసిన గొంతులో వినిపిస్తోందో చేతులెత్తండి.) ఆ చూపించని సమాచారాన్ని 2003 జులైలో ఇంటెలిజెన్స్ వాళ్లే వెనక్కి తీసుకున్నారని 2004లో బట్లర్ నివేదిక బయటపెట్టింది. సరిగ్గా కెల్లీ పోయిన నెల.

ఇక్కడ చిన్న పక్కదారి. ఇంకో డోసియర్ కూడా ఉంది, 2003 ఫిబ్రవరిలో వచ్చింది. దీన్ని మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైలుగా ప్రధానమంత్రి కార్యాలయం వెబ్‌సైటులో పెట్టారు. ఇబ్రహీం అల్ మరాషీ అనే పరిశోధకుడి వ్యాసం నుంచి పేజీలకు పేజీలు ఎత్తి రాశారని కేంబ్రిడ్జిలో ఒక లెక్చరర్ పట్టుకున్నాడు. ఎంత శ్రద్ధగా ఎత్తారంటే తప్పులతో సహా. ఇంకా తమాషా ఏమిటంటే ఆ వర్డ్ ఫైలు లోపల రివిజన్ లాగ్ అలాగే ఉండిపోయింది, ఎవరెవరు తెరిచి సేవ్ చేశారో పేర్లతో సహా. ఒక దేశం యుద్ధానికి వెళ్లడానికి చూపించిన కాగితం అది! మన దగ్గర ఇంటర్న్ కూడా రెజ్యూమె పంపేముందు పీడీఎఫ్ చేస్తాడు. కెల్లీ గొడవ దీని గురించి కాదు, సెప్టెంబర్ డోసియర్ గురించి. కానీ రెండూ కలిపి చూస్తేనే ఆ ఆఫీసులో కాగితాలు ఎలా తయారయ్యేవో తెలుస్తుంది.

2003 మార్చి 20న యుద్ధం మొదలైంది. ఆయుధాలు దొరకలేదు. మే 22న లండన్‌లో చేరింగ్ క్రాస్ హోటల్లో కెల్లీ బిబిసి విలేఖరి ఆండ్రూ గిలిగన్‌ని కలిశారు. వారం తర్వాత, మే 29 పొద్దున్న ఆరూ ఏడుకి, గిలిగన్ ఇంటి నుంచి లైవ్‌లో మాట్లాడుతూ, 45 నిమిషాల మాట తప్పని ప్రభుత్వానికి బహుశా ముందే తెలుసు అనేశాడు. కెల్లీ ఆ మాట ఆ రూపంలో అనలేదని తర్వాత తనే ఒప్పుకోవాల్సొచ్చింది. మిగతా కథనంలో చాలావరకు నిజం ఉంది. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని ప్రధాని మీడియా సలహాదారు అలస్టర్ క్యాంప్‌బెల్ బిబిసి మీద పడ్డాడు. యుద్ధం, ఆయుధాలు అన్నీ పక్కకెళ్లిపోయి, గిలిగన్‌కి చెప్పిందెవరు అన్నదే జాతీయ సమస్య అయి కూర్చుంది.

జూన్ 30న కెల్లీ తనంతట తానే తన పైఅధికారికి ఉత్తరం రాశారు. గిలిగన్‌ని కలిసింది నేనే, కానీ ఆ కథనంలో ఉన్నవన్నీ నేనన్నవి కావు అని. ఇది గుర్తుపెట్టుకోండి, పట్టుబడలేదు, తానే చెప్పారు. ప్రభుత్వం దీన్ని ఏం చేసిందో చూడండి. జులై 8న రక్షణశాఖ ఒక ప్రకటన ఇచ్చింది. మా అధికారి ఒకరు ముందుకొచ్చారు, పేరు చెప్పం అని. పేరు లేదు గానీ ఆనవాళ్లు ఉన్నాయి. దాంతోపాటు ప్రెస్ ఆఫీసు వాళ్లకి ప్రశ్నలు-జవాబుల కాగితం ఒకటి తయారుచేసి ఇచ్చారు. అందులో ఉన్నదాని సారాంశం: పేరు మీరుగా చెప్పొద్దు, కానీ ఎవరైనా సరైన పేరు చెబితే అవునని చెప్పండి.

ఒక్కసారి ఆలోచించండి. ఇది పాస్‌వర్డ్ చెప్పం, కానీ ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాకౌట్ ఉండదు, కరెక్టయితే చెప్తాం అన్నట్టు లేదూ? జులై 9న సరిగ్గా అదే జరిగింది. ఇద్దరు ముగ్గురు విలేఖరులు ఆనవాళ్లు గూగుల్లో వెతికి పట్టేశారు. ఒక పత్రికాయన ఇరవై పేర్ల దాకా చదువుకుంటూ పోయాడు, కెల్లీ పేరు దగ్గర అవునన్నారు. కాగితం మీద చూస్తే ఎవరూ పేరు "బయటపెట్టలేదు". ఈ కాగితం సంగతి కెల్లీకి ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఒక విలేఖరి ఇంటికొచ్చి చెబితే తెలిసింది. భార్యాభర్తలిద్దరూ గబగబా నాలుగు బట్టలు సర్దుకుని కార్న్‌వాల్ వైపు వెళ్లిపోయారు. తనని మోసం చేశారని ఆయన బాధపడ్డాడని ఆయన భార్య విచారణలో చెప్పింది. ఏళ్ల తరబడి ప్రభుత్వోద్యోగం చేసి, గ్రేడు, జీతం సరిచెయ్యమని మొరపెట్టుకుంటూ వచ్చిన మనిషి. అదీ ఆ ఫైళ్లలోనే ఉంది.

జులై 15న పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ ముందు టీవీ కెమెరాల ఎదుట కూర్చోబెట్టారు. ఎండ మండిపోతున్న రోజు, ఆయన గొంతు వినిపించట్లేదని గదిలో ఫ్యాన్లు ఆపేశారు. ఒక ఎంపీ, నువ్వు మా దృష్టి మళ్లించడానికి విసిరిన పొట్టువి, బలిపశువువి కదా అని ముఖం మీదే అడిగాడు. ఇంకో ఎంపీ కొన్ని వాక్యాలు చదివి, ఇవి మీరు బిబిసిలో ఇంకో విలేఖరి సూసన్ వాట్స్‌తో అన్నవేనా అని అడిగాడు. కెల్లీ ఉలిక్కిపడ్డారు, నావి కాదన్నారు. నిజానికి ఆయనవే, వాట్స్ దగ్గర టేపుంది. అయితే ఆ ప్రశ్న ఎంపీకి అందించిందెవరో తెలుసా? గిలిగన్. తన సోర్సుని కాపాడాల్సినవాడు, ఆయన వేరే విలేఖరికి కూడా సోర్సేనని మెయిలు పెట్టాడు. తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి. అంటే ఆ గదిలో కెల్లీ పక్షాన ఎవరూ లేరు. పంపిన శాఖ లేదు, ప్రశ్నించే ఎంపీలు లేరు, ఆయన నమ్మి మాట్లాడిన పత్రికాయనా లేడు.

జులై 17 పొద్దున్న కూడా ఆయన ఇంట్లో కూర్చుని ఏయే విలేఖరులతో మాట్లాడారో రక్షణశాఖకి జాబితా తయారుచేసే పనిలోనే ఉన్నారు. ఎంపీలు అడిగారు మరి. 25న మళ్లీ ఇరాక్ ప్రయాణం, టికెట్టు కూడా బుక్కయింది. మధ్యాహ్నం మూడింటప్పుడు నడకకని బయల్దేరారు. మర్నాడు ఉదయం హారోడౌన్ హిల్ అనే గుట్ట మీద చెట్ల మధ్య శవం దొరికింది. 59 ఏళ్లు. బ్లెయిర్ అప్పుడు వాషింగ్టన్ నుంచి టోక్యోకి విమానంలో ఉన్నాడు. అదే రోజు న్యాయవిచారణ ప్రకటించేశారు. ఆగస్టు మొదట్లో ప్రధాని ప్రతినిధి ఒకడు చనిపోయిన మనిషిని పగటికలలు కనే కథల్లో పాత్రతో పోల్చి, గొడవయ్యాక క్షమాపణ చెప్పుకున్నాడు.

విచారణకి వేసింది లార్డ్ హటన్‌ని. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రధాన న్యాయమూర్తిగా చేసిన పెద్దమనిషి. మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. ఆగస్టులో మొదలుపెట్టి జనవరి 28, 2004కల్లా నివేదిక ఇచ్చారు. మన లిబర్హాన్ కమిషన్ 1992లో వేస్తే 2009లో నివేదిక ఇచ్చింది, మధ్యలో 48 పొడిగింపులు. హటన్ 74 మంది సాక్షుల్ని విన్నారు, బ్లెయిర్‌తో సహా. ఏ రోజు వాంగ్మూలం ఆ రోజు వెబ్‌సైటులో పెట్టారు. ప్రధాని ఆఫీసు మెయిళ్లు, డోసియర్ చిత్తుప్రతులు, క్యాంప్‌బెల్ డైరీ ముక్కలు, అన్నీ. సద్దాం నుంచి ముప్పు ఉందని, అందులోనూ తక్షణ ముప్పు ఉందని ఈ కాగితం ఎక్కడా చూపించట్లేదు అని విడుదలకి వారం ముందు బ్లెయిర్ ప్రధాన అనుచరుడు జొనాథన్ పావెల్ రాసిన మెయిలు ఉంది. విడుదల రోజు సాయంత్రం పత్రికలో హెడ్డింగు ఏమొస్తుంది అని ఆయనే అడిగిన మెయిలూ ఉంది. ఏ ప్రభుత్వమూ తన ఇన్‌బాక్స్‌ని ఇంతగా జనం ముందు పరిచి ఉండదు.

అన్నీ చూశాక జనం ఒక తీర్పుకొచ్చేశారు, జడ్జి ఇంకో తీర్పుకొచ్చారు. కెల్లీది ఆత్మహత్య. గిలిగన్ ఆరోపణ నిరాధారం. బిబిసి ఎడిటోరియల్ వ్యవస్థ లోపభూయిష్టం. ప్రభుత్వం కుట్ర ఏమీ చెయ్యలేదు, పేరు ఎలాగూ బయటపడేదే కాబట్టి ఆ ప్రశ్నలు-జవాబుల పద్ధతిలో అగౌరవమేమీ లేదు, కాకపోతే కెల్లీకి ముందుగా చెప్పకపోవడం రక్షణశాఖ తప్పు. మూడు రోజుల్లో బిబిసి ఛైర్మన్, డైరెక్టర్ జనరల్, గిలిగన్ ముగ్గురూ వెళ్లిపోయారు. ప్రభుత్వం నుంచి ఒక్కరు కూడా కదల్లేదు. మర్నాడు ది ఇండిపెండెంట్ పత్రిక మొదటి పేజీని దాదాపు ఖాళీగా, తెల్లగా వదిలేసింది. సున్నం కొట్టారని అర్థం.

హటన్ అమ్ముడుపోయారని నేననుకోను. ఆయన స్కోపులో ఇరుక్కున్నారు. "డాక్టర్ కెల్లీ మృతికి దారితీసిన పరిస్థితులు" ఆయనకిచ్చిన పని. డోసియర్‌లో ఉన్న ఇంటెలిజెన్స్ నమ్మదగిందా కాదా అన్నది నా పరిధిలోకి రాదని తనే గీత గీసుకున్నారు. ఆ గీత గీశాక ఫలితం ముందే తేలిపోయింది. ప్రొడక్షన్ పడిపోయినప్పుడు రూట్ కాజ్ రాయమని, కానీ డిజైను జోలికి మాత్రం వెళ్లొద్దని చెబితే ఏమొస్తుంది? ఆఖరి కమిట్ ఎవరిదో వస్తుంది. ఇక్కడా అదే వచ్చింది, పొద్దున్న ఆరూ ఏడుకి మాట్లాడినవాడి పేరు. అసలు సమాచారం సంగతి తేల్చడానికి 2004 జులైలో బట్లర్, 2016లో చిల్కాట్ రావాల్సొచ్చింది. 45 నిమిషాలు దేని గురించో చెప్పకుండా డోసియర్‌లో పెట్టాల్సింది కాదని బట్లర్ తేల్చాడు. కెల్లీ గొణిగింది దాదాపు ఇదేగా!

సరే, ఇప్పుడు ఆ రెండో ప్రశ్నకొద్దాం. ఇంగ్లండులో అనుమానాస్పద మరణం జరిగితే కరోనర్ ఇన్‌క్వెస్ట్ చెయ్యాలి. ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకుంటారు, సాక్షుల్ని రప్పించే అధికారం ఉంటుంది. హటన్ విచారణకి చట్టబద్ధమైన అధికారాలు లేవు, ప్రమాణాలు లేవు. అయినా ఇన్‌క్వెస్ట్‌ని మధ్యలో ఆపి, హటన్ నివేదికనే దాని స్థానంలో పెట్టేశారు. దీనికి వాడిన చట్టం రైలు ప్రమాదాల్లాంటి, ఒకేసారి ఎక్కువమంది పోయిన ఘటనల్లో ఒకే పని రెండుసార్లు చెయ్యకుండా ఉండటం కోసం పెట్టింది. 2004 మార్చిలో కరోనర్, మళ్లీ తెరవడానికి ప్రత్యేక కారణమేమీ లేదన్నాడు. పైగా వైద్య నివేదికల్ని 70 ఏళ్లు రహస్యంగా ఉంచాలని హటన్ కోరారని 2010లో బయటపడింది. కుటుంబం బాధపడకూడదని అలా చేశానన్నారాయన. ఉద్దేశం మంచిదే అనుకుందాం, కానీ అనుమానానికి ఇంతకన్నా మంచి ఎరువు ఉంటుందా? ఆ గాయంతో మనిషి పోయే అవకాశం తక్కువని కొందరు డాక్టర్లు పత్రికకి ఉత్తరం రాశారు, ఒక ఎంపీ పుస్తకమే రాశాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఆయన ప్రాణం ఆయనే తీసుకున్నారు. 2010 అక్టోబరులో శవపరీక్ష నివేదిక బయటపెట్టారు. గాయం, మందులు, బయటికి తెలియని గుండెజబ్బు, మూడూ కలిపి చూస్తే సరిపోతోంది. 2011లో అటార్నీ జనరల్ స్వతంత్ర నిపుణులతో మళ్లీ చూపించి ఇన్‌క్వెస్ట్ అక్కర్లేదన్నాడు. కుట్ర కథల్లో నాకు నచ్చనిది సాక్ష్యం లేకపోవడం ఒక్కటే కాదు. అవి నేరస్తుణ్ణి ఎక్కడో చీకట్లో, అడవిలో వెతుకుతాయి. పట్టపగలు, ఆఫీసులో, ట్యూబులైటు కింద, మర్యాదస్తులు కూర్చుని టైపు చేసిన ఒక పేజీ కాగితం కళ్లముందే ఉంటే దాన్ని వదిలేసి. హత్య కాదు అని తేలగానే "అయితే ఎవరి తప్పూ లేదన్నమాట" అని ఊపిరి పీల్చుకునే వీలు ప్రభుత్వానికి ఇచ్చింది ఈ కథలే.

కానీ ఇన్‌క్వెస్ట్ జరగాల్సింది. సమాధానం మారేదని కాదు. అదే సమాధానం, ఏడు నుంచి పదకొండుమంది మామూలు మనుషుల జ్యూరీ ముందు, ప్రమాణం చేసిన సాక్షుల నోట వచ్చుంటే నమ్మేవాళ్లు. టెస్ట్ కేసు స్కిప్ చేసి బిల్డ్ పాసైందని చెబితే, కోడు నిజంగానే కరెక్టయినా ఎవడు నమ్ముతాడు?

"పేరు ఎలాగూ బయటపడేదే" అన్న వాదన మీద ఇంకొక్క మాట. బయటపడేదేమో. అయితే అప్పుడు చెయ్యాల్సింది ఏమిటి? ఆయన్ని పిలిచి, ఫలానా రోజు ఫలానా టైముకి నీ పేరు మేమే ప్రకటిస్తాం, నీకు లాయరు కావాలా, కొన్నాళ్లు ఉండటానికి చోటు కావాలా అని అడగాలి. తర్వాత మంత్రి పేరుతో ప్రకటన ఇవ్వాలి. అలా చేస్తే దాని మీద ఎవరిదో ఒకరి సంతకం ఉంటుంది. ఆ ఊహించి పట్టుకునే ఆట ఎందుకు పెట్టారంటే సంతకం ఉండకూడదని. దీన్ని అగౌరవం కాదనడానికి జడ్జి గారికి మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాదు.

డోసియర్ తయారీకి బాధ్యత తీసుకున్న జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్ జాన్ స్కార్లెట్ మీద ప్రధాని కోరిక "తెలియకుండానే" కాస్త ప్రభావం చూపి ఉండొచ్చని హటన్ రాశారు. అదే ఏడాది, 2004లో, స్కార్లెట్‌ని విదేశీ గూఢచారి సంస్థ ఎంఐ6కి అధిపతిని చేశారు. హూన్ 2005 ఎన్నికల దాకా రక్షణ మంత్రిగానే ఉన్నాడు. ముందే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పిన బ్రయన్ జోన్స్ మాత్రం అప్పటికే రిటైరైపోయాడు. 2010లో ఒక పుస్తకం రాసి, 2012లో పోయాడు. ఆయన పేరు ఎవరూ ఊహించి పట్టుకోవాల్సిన అవసరం రాలేదు, విచారణకి తనే వచ్చి చెప్పాడు.